ఏ.సి. గిల్బర్ట్: వెదురు బొంగు, పంచుకున్న స్వర్ణం, లెక్కలోకి రాని రికార్డు

1908 జులై 24, లండన్. వైట్ సిటీ స్టేడియంలో వేలమంది లేచి నిలబడి ఒకే గేటు వైపు చూస్తున్నారు. విండ్సర్ కోట దగ్గర మొదలైన మారథాన్ ఇక్కడే ముగియాలి. ఇటలీ కుర్రాడు డొరాండో పియట్రి అందరికంటే ముందు లోపలికి వచ్చాడు. అప్పటికే అతనికి ఒంటి మీద స్పృహ లేదు. వెళ్లాల్సిన వైపు కాకుండా ఇంకోవైపు తిరిగాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి చుట్టూ ఉన్నవాళ్లే పట్టుకుని గీత దాటించారు. సాయం తీసుకున్నాడని అతన్ని అనర్హుడిగా ప్రకటించి, వెనకే వచ్చిన అమెరికన్ జానీ హేస్‌కి స్వర్ణం ఇచ్చారు. ఒలింపిక్స్ చరిత్రలో ఎక్కువసార్లు చెప్పుకున్న కథల్లో ఇదొకటి.

ఆ రోజు అదే మైదానంలో పోల్ వాల్ట్ పోటీ, అంటే పొడవాటి కర్ర ఊతంతో ఎత్తులో ఉన్న అడ్డకర్రను దాటే ఆట, కూడా జరుగుతోంది. ఆ సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. మారథాన్ హడావుడికి పోటీ ఆగింది. పియట్రికి చికిత్స చేస్తున్నారు, జనం ఊగిపోతున్నారు, అధికారుల దృష్టంతా అటే. అన్నీ సద్దుమణిగేసరికి పోల్ వాల్ట్‌లో ఇద్దరు అమెరికన్లు 3.71 మీటర్ల దగ్గర సమానంగా ఉన్నారు. ఎవరు మొదటో తేల్చే అదనపు పోటీ జరగలేదు. ఇద్దరికీ స్వర్ణం ఇచ్చేశారు. ఒకరు కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ కుక్. రెండోవాడు యేల్‌లో వైద్యం చదువుతున్న 24 ఏళ్ల ఆల్‌ఫ్రెడ్ కార్ల్‌టన్ గిల్బర్ట్. ఈ వ్యాసం ఈ రెండో మనిషి గురించి.

గిల్బర్ట్ గురించి ఎక్కడ చదివినా మూడు మాటలు కనిపిస్తాయి: ఒలింపిక్ చాంపియన్, ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు, ఎరెక్టర్ సెట్ అనే ప్రసిద్ధ బొమ్మను తయారుచేసినవాడు. మూడూ నిజమే. కానీ మూడింటిలోనూ ఒక్కో చిక్కుముడి ఉంది. చాంపియన్ అంటే ఒక్కడు కాదు, ఇద్దరు. ప్రపంచ రికార్డు ఈనాటి అధికారిక జాబితాలో లేదు. చివరికి ఆ బొమ్మ కూడా ఆ తరహాలో మొదటిది కాదు. ఈ ముడులు విప్పితే అతని గొప్పతనం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఆ కాలంలో ఒక వాల్టర్ (పోల్ వాల్ట్ ఆటగాడు) ఎంత ఎత్తు దాటాడన్న అంకె దానంతట అది ఏమీ చెప్పదు. అతని చేతిలో ఏ కర్ర ఉంది, దాన్ని నేలలో ఎక్కడ గుచ్చాడు, అవతల దేని మీద పడ్డాడు, పక్కన ఏ అధికారి నిలబడి ఉన్నాడు, ఇవన్నీ తెలిస్తేనే ఆ అంకెకు అర్థం వస్తుంది. గిల్బర్ట్‌ను అలా చూసినప్పుడే నాకు అతను ఎక్కువ నచ్చాడు.

గిల్బర్ట్ 1884 ఫిబ్రవరి 15న అమెరికా పడమటి తీరాన ఆరెగాన్ రాష్ట్రంలోని సేలంలో పుట్టాడు. బాల్యంలో కొంత భాగం ఐడహోలో గడిచింది. చిన్నప్పటి నుంచీ అతనికి రెండు పిచ్చులు. ఒకటి ఇంద్రజాలం, రెండోది ఒంటిని సాధన చేయడం. ఫారెస్ట్ గ్రోవ్‌లోని పసిఫిక్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఏకబిగిన 39 పుల్‌అప్స్ తీసి రికార్డు పెట్టాడని చెబుతారు. మామూలుగా వ్యాయామం చేసేవాళ్లకు పది దాటేసరికి చేతులు వణుకుతాయి. భుజాల్లో, వేళ్లలో అంత బలం ఉన్నవాడు పోల్ వాల్ట్‌కు రావడం సహజం. ఎందుకో తెలియాలంటే ఆనాటి పోల్ వాల్ట్ ఎలా ఉండేదో తెలియాలి.

కర్ర వంగని రోజులు

ఇప్పుడు టీవీలో చూసే పోల్ వాల్ట్‌లో కర్ర విల్లులా వంగుతుంది, తర్వాత నిటారుగా అవుతూ మనిషిని పైకి విసురుతుంది. గిల్బర్ట్ కాలంలో అదేమీ లేదు. 19వ శతాబ్దంలో యాష్, హికరీ లాంటి గట్టి చెక్కతో చేసిన బరువైన కర్రలు వాడేవారు. కింద ఇనుప మొన ఉండేది. దాన్ని నేలలో గుచ్చి, కర్రను పట్టుకుని వేలాడుతూ అవతలికి వెళ్లాలి. ఇంగ్లండ్ ఉత్తరాన అల్వర్‌స్టన్ అనే ఊరి వాల్టర్లు ఇంకో విద్య చూపించేవారు. కర్ర నిలువుగా నిలబడిన ఆ కొద్ది క్షణాల్లో, కల్లుగీసేవాడు తాడి ఎక్కినట్టు, చేతి మీద చేయి వేసుకుంటూ కర్ర పైకి పాకి, అక్కడి నుంచి అవతలికి దూకేవారు. ఆ ఊరి టామ్ రే ఈ పద్ధతితో అమెరికా వెళ్లి అక్కడి చాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. తర్వాత అమెరికన్లు అలా పాకడాన్ని నిషేధించారు. పై చేయి ఒకసారి పట్టుకున్న చోటే ఉండాలి, కింది చేయి దాన్ని దాటి పైకి పోకూడదు.

ఈ నిబంధనతో ఆట స్వరూపం మారింది. కర్ర ఎంత ఎత్తులో పట్టుకుంటావన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. పైన పట్టుకుంటే ఎక్కువ ఎత్తు లేస్తావు. కానీ పైకి పోయేకొద్దీ కర్రను నిలువుగా నిలబెట్టడం కష్టమవుతుంది. వేగం చాలకపోతే కర్ర మధ్యలో ఆగి మనిషిని వెనక్కే పడేస్తుంది. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తే మనిషి తన గతిశక్తి మొత్తాన్ని ఎత్తుగా మార్చుకోగలిగితే దాదాపు 3.3 మీటర్లు లేస్తాడు. నిలబడ్డ మనిషి గరిమనాభి ఎలాగూ నేలకు ఒక మీటరు పైన ఉంటుంది. రెండూ కలిపితే 4.3 మీటర్లు. కర్ర గుచ్చేటప్పుడు భుజాలకు తగిలే కుదుపులో కొంత శక్తి పోతుంది. చివర్లో చేతులతో కిందికి నెట్టి కొంత రాబట్టుకోవాలి. ఆ రోజుల్లో ప్రపంచంలోని మేటి వాల్టర్లు నాలుగు మీటర్ల కింద ఎందుకు ఆగిపోయారో ఈ చిన్న లెక్క చెబుతుంది. ఇప్పుడు స్వీడన్‌కి చెందిన డుప్లాంటిస్ 6.30 మీటర్లు దాటాడంటే, అతను వాళ్లకంటే చాలా వేగంగా పరుగెత్తుతాడు, అతని చేతిలోని ఫైబర్‌గ్లాస్ కర్ర ఆ కుదుపును మింగి తిరిగి ఇస్తుంది, చాలా పైన పట్టుకునే వీలూ కల్పిస్తుంది.

కర్ర వంగదు కాబట్టి అప్పటి వాల్టర్లు ఒక మెలకువ వాడేవారు. పరుగెత్తేటప్పుడు రెండు చేతులూ దూరంగా ఉంటాయి. కర్ర కింద గుచ్చే క్షణంలో కింది చేతిని జార్చి పై చేతి దగ్గరికి తెచ్చుకోవాలి. అప్పుడే రెండు చేతుల బలమూ ఒకే చోట పనిచేసి ఒళ్లు పైకి లేస్తుంది. పుల్‌అప్‌లో చేసేది దాదాపు ఇదే. గిల్బర్ట్ ఎందుకు పనికొచ్చాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వెదురు కథ ఇక్కడే మొదలవుతుంది. మన కోస్తా పల్లెల్లో పిల్లలు పంటబోదెలు దాటడానికి వెదురు బొంగు వాడటం నేను చూశాను, నేనూ దాటాను. బోదె మధ్యలో బొంగు దిగేసి, దాని మీద ఊగి అవతలి గట్టు మీద పడటం. చేతిలో అది ఎంత తేలికో, అంత బరువును ఎలా మోస్తుందో ఆ వయసులోనే తెలిసింది. లోపల డొల్ల, అడుగడుగునా కణుపు. పదార్థం తక్కువ, పటుత్వం ఎక్కువ. గట్టి చెక్క కర్ర పట్టుకుని పరుగెత్తడానికీ, వెదురు పట్టుకుని పరుగెత్తడానికీ తేడా ఒక్క అడుగులో తెలిసిపోతుంది. తేలికైతే పరుగు వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే పట్టు పైకి పోతుంది, పట్టు పైకి పోతే ఎత్తు పెరుగుతుంది. పైగా వెదురుకు కొంచెం సాగే గుణం ఉంది, భుజాలకు కుదుపు తగ్గుతుంది. దాని లోపమల్లా చీలడం. అందుకే చుట్టూ టేపు బిగించి చుట్టేవారు. 20వ శతాబ్దపు మొదటి పదేళ్లలో ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెక్క వదిలి వెదురుకు మారారు. గిల్బర్ట్ అలా మారిన తొలి తరం వాళ్లలో ఒకడు. వెదురును ఆటలోకి తెచ్చిందే అతనని కొన్ని చోట్ల రాస్తుంటారు, అది ఎక్కువ చెప్పడం. అది ఒక్కడు తెచ్చిన మార్పు కాదు. అందివచ్చిన దాన్ని అందరికంటే ముందు పట్టుకున్నవాళ్లలో గిల్బర్ట్ ఉన్నాడు, అదీ తక్కువేం కాదు.

రెండో మార్పు కర్ర కింది చివరది. ఇనుప మొన నేలలో దిగబడి ఆగాలంటే నేల అనుకూలించాలి. అమెరికన్లు అడ్డకర్ర కింద ముందుగానే చిన్న గుంత తవ్వి, మొన లేని కర్ర చివరను అందులోకి దించడం అలవాటు చేసుకున్నారు. కర్ర జారదు, ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు, ధైర్యంగా పూర్తి వేగంతో పరుగెత్తవచ్చు. ఈనాడు మైదానంలో కనిపించే లోహపు పెట్టె ఆ గుంతకు వారసురాలు.

లండన్‌లో ఎత్తు ఎందుకు తగ్గింది

1908 వేసవిలో గిల్బర్ట్ ఫామ్ అద్భుతంగా ఉంది. లండన్ వెళ్లేముందు అమెరికాలో జరిగిన ఎంపిక పోటీల్లో అతను పన్నెండున్నర అడుగులు దాటాడు. అంటే 3.8 మీటర్ల పైమాటే. అప్పటికి ప్రపంచంలో అంతకంటే ఎక్కువ ఎవరూ దాటలేదని అమెరికన్లు లెక్కగట్టారు. మరి ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన ఎత్తు ఎంత? 12 అడుగుల 2 అంగుళాలు, 3.71 మీటర్లు. ఒలింపిక్ రికార్డు అదే, కానీ అతని సొంత స్థాయి కంటే తక్కువ. అంత పెద్ద వేదిక మీద ఎత్తు పెరగాలి గానీ తగ్గడమేమిటి?

కారణం మైదానంలోనే ఉందనిపిస్తుంది. వైట్ సిటీ అప్పటికి సరికొత్త స్టేడియం. చుట్టూ సైకిల్ ట్రాక్, లోపల పరుగుల ట్రాక్, మధ్యలో పచ్చికలోనే ఈతకొలను. అన్ని ఆటలనూ ఒకే చోట ఇరికించారు. న్యాయనిర్ణేతలంతా బ్రిటిషర్లే. పోల్ వాల్ట్‌లో గుంత తవ్వుకోనివ్వాలని, దిగేచోట మెత్తటి మట్టి ఉండాలని అమెరికన్లు పట్టుబట్టారు. బ్రిటిష్ సంప్రదాయంలో పెరిగిన అధికారులకు అది వింతగా తోచింది. వాళ్ల దృష్టిలో వాల్టర్ అంటే మొన ఉన్న కర్రను పచ్చికలో గుచ్చి దాటేవాడు. ఇది ఒక్క పోల్ వాల్ట్‌తో ఆగిన గొడవ కాదు. తాడు లాగుడు పోటీలో బ్రిటిష్ పోలీసుల బూట్ల మీద అమెరికన్లు ఫిర్యాదు చేశారు. 400 మీటర్ల పరుగులో అడ్డు తగిలాడని అమెరికన్ కార్పెంటర్‌ను అనర్హుడిని చేసి మళ్లీ పరుగు పెడితే, మిగతా అమెరికన్లు రాలేదు. బ్రిటిష్ ఆటగాడు హాల్స్‌వెల్ ఒక్కడే పరుగెత్తి స్వర్ణం తీసుకున్నాడు. ఆ ఒలింపిక్స్ అంతా ఆ టెన్షన్‌లోనే నడిచింది.

మెత్తటి దిగుచోటు కోసం పట్టుబట్టడాన్ని విలాసం కింద చూడకూడదు. ఈనాటి వాల్టర్ మందపాటి పరుపు మీద వీపుతో పడతాడు, భయం లేదు. అప్పటి వాల్టర్ దాదాపు పన్నెండు అడుగుల పైనుంచి కాళ్ల మీదే దిగాలి. కాబట్టి గాలిలో ఉన్నప్పుడే ఎలా దిగాలో చూసుకోవాలి, ఒంటిని తిప్పుకోవాలి, కర్రను వెనక్కి నెట్టాలి. అడ్డకర్ర దాటే శైలినే ఆ దిగుబాటు శాసించింది. మోకాలికి ఏమవుతుందోనన్న ఆలోచన మనసులో ఉన్నవాడు పూర్తి ఎత్తుకు ఎలా లేస్తాడు? 3.71 అంకెను చూసేటప్పుడు ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలని నేననేది అందుకే.

అధికారులు పతకాలు పంచిన తీరు కూడా చూడండి. ఇద్దరికి స్వర్ణం. రజతం ఎవరికీ లేదు. 3.58 మీటర్ల దగ్గర సమానంగా ఆగిన ముగ్గురికి, కెనడాకు చెందిన ఎడ్ ఆర్చిబాల్డ్, అమెరికాకు చెందిన క్లేర్ జేకబ్స్, స్వీడన్‌కి చెందిన బ్రూనో సోడర్‌స్ట్రోమ్‌లకు, కాంస్యాలు. ఒక పోటీలో ఐదుగురికి పతకాలు! నాలుగేళ్ల తర్వాత స్టాక్‌హోమ్‌లోనూ ఇలాగే జరిగింది. హ్యారీ బాబ్‌కాక్ 3.95 మీటర్లతో ఒక్కడే గెలిచాడు గానీ, రజతం ఇద్దరికి, కాంస్యం ముగ్గురికి వెళ్లాయి. ఇది నిర్లక్ష్యం అనిపించవచ్చు. సమానం వస్తే ఏం చేయాలన్న దానిపై ఈనాటి స్పష్టత అప్పుడు లేదంతే. ఇప్పుడైతే నియమం తేలిక. చివరగా దాటిన ఎత్తులో ఎవరు తక్కువసార్లు విఫలమయ్యారో చూస్తారు. అక్కడా సమానమైతే ఆ ఎత్తు వరకు మొత్తం పోటీలో ఎవరి వైఫల్యాలు తక్కువో చూస్తారు. అదీ సమానమైతే, మొదటి స్థానానికి మాత్రం, అదనపు పోటీ. ఆటగాళ్లు వద్దంటే స్వర్ణం పంచుకోవచ్చు.

ఆ చివరి వాక్యం మన టీవీల్లో కనిపించింది. నీరజ్ చోప్రా జావెలిన్ స్వర్ణం గెలిచిన టోక్యో ఒలింపిక్స్ గుర్తున్నాయి కదా, 2021లో జరిగినవి. అక్కడే హైజంప్‌లో ఖతార్‌కి చెందిన బర్షిమ్, ఇటలీకి చెందిన తంబేరీ అన్ని లెక్కల్లోనూ సమానంగా నిలిచారు. అధికారి అదనపు పోటీ గురించి చెప్పబోతుంటే, రెండు స్వర్ణాలు ఇస్తారా అని బర్షిమ్ అడిగాడు. ఇస్తామన్నారు, ఇద్దరూ కౌగిలించుకున్నారు. అక్కడ ఆటగాళ్లు తమకు తాముగా పంచుకున్నారు, 1908లో వేళ మించిపోయి అధికారులు పంచారు. గిల్బర్ట్‌ను, కుక్‌ను ఎవరూ అడగలేదు. అందుకే కుక్ పేరు గిల్బర్ట్ నీడలో మరుగున పడటం నాకు బాధగా ఉంటుంది. ఒహాయో రాష్ట్రంలోని చిలికోతీకి చెందిన ఈ యువకుడు ఆ ఒలింపిక్స్‌లో లాంగ్‌జంప్‌లోనూ నాలుగో స్థానంలో నిలిచాడు. అతని స్వర్ణం గిల్బర్ట్ స్వర్ణం కంటే రవ్వంత కూడా తక్కువ కాదు.

ఈ సమాన స్థానాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక జంటను తలుచుకోకుండా ఉండలేను. 1936 బెర్లిన్‌లో జపాన్‌కి చెందిన షుహే నిషిదా, సుయెవో ఓయె ఇద్దరూ 4.25 మీటర్లు దాటారు. తమలో తాము పోటీపడటానికి ఇష్టపడలేదు. చివరికి నిషిదాకు రజతం, ఓయెకు కాంస్యం వచ్చాయి. ఇంటికి వెళ్లాక ఇద్దరి పతకాలనూ నిలువునా కోయించి, రజతం సగాన్ని కాంస్యం సగంతో అతికించి, ఒక్కొక్కటి తీసుకున్నారు. ఓయె 1941లో యుద్ధంలో చనిపోయాడు. నిషిదా 1951లో, నలభై దాటిన వయసులో, న్యూఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలకు వచ్చి కాంస్యం గెలిచాడు.

ప్రపంచ రికార్డు ఎవరిది?

రెండో ముడి రికార్డుది. గిల్బర్ట్ ప్రపంచ రికార్డు పెట్టాడా? ఆనాటి అర్థంలో పెట్టాడు. కానీ అప్పుడు ప్రపంచ రికార్డును ధ్రువీకరించే సంస్థే లేదు. ఒక్కో దేశపు సంఘం తన లెక్క తను రాసుకునేది, పత్రికలు ప్రపంచ రికార్డని అచ్చువేసేవి. అమెరికాలో అడుగులు, అంగుళాలు, ఐరోపాలో మీటర్లు. ఫ్రాన్స్‌లో ఫెర్నాండ్ గొండర్ 1905లోనే 3.74 మీటర్లు దాటి తనదే రికార్డన్నాడు, 1906లో ఏథెన్స్‌లో జరిగిన క్రీడల్లో గెలిచాడు కూడా. నేల సమతలంగా ఉందా, కొలత సరిగా తీశారా, గుంత వాడారా లేదా అని అడిగేవాళ్లు లేరు.

అంతర్జాతీయ అమెచ్యూర్ అథ్లెటిక్స్ సమాఖ్య 1912లో ఏర్పడింది. దాని పోల్ వాల్ట్ జాబితాలో మొదటి పేరు మార్క్ రైట్‌ది. ఆ ఏడాది జూన్ 8న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో 4.02 మీటర్లు దాటి, నాలుగు మీటర్ల గీత తెంచిన మొదటివాడయ్యాడు. అంతకుముందు దూకినవాళ్లెవరూ ఆ జాబితాలోకి రారు. గిల్బర్ట్ 1908తో దాదాపు ఆట ముగించాడు. నాలుగేళ్ల తేడాతో అతని అంకెలన్నీ జాబితా బయటే ఉండిపోయాయి.

ఇంకో విషయం. గిల్బర్ట్ రికార్డు ఎక్కువ కాలం నిలవలేదు. అదే 1908లో యేల్‌లోనే అతని సహచరుడు వాల్టర్ డ్రే 12 అడుగుల 9½ అంగుళాలు, అంటే 3.90 మీటర్లు దాటేశాడు. ఆ డ్రే లండన్ వెళ్లలేదు. కాబట్టి ఆ ఏడాది ప్రపంచంలో మేటి వాల్టర్ ఎవరని అడిగితే, అంకె ప్రకారం డ్రే, పతకం ప్రకారం గిల్బర్ట్, కుక్. నన్ను అడిగితే ఆ ప్రశ్నకు ఒక పేరు చెప్పడం కంటే ఒక చోటు చెప్పడం సబబు: యేల్ మైదానం. గిల్బర్ట్, డ్రే ఇద్దరూ అక్కడివాళ్లే. 1912లో 13 అడుగులు మొదటిసారి దాటిన రాబర్ట్ గార్డ్‌నర్ అక్కడివాడే. ఆ గార్డ్‌నర్ గోల్ఫ్‌లో రెండుసార్లు అమెరికా అమెచ్యూర్ చాంపియన్ కూడా. 1927లో 14 అడుగులు దాటి, మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో స్వర్ణం గెలిచిన సాబిన్ కార్ అక్కడివాడే. గిల్బర్ట్ ఆట మానేశాక కూడా యేల్ వాల్టర్లకు శిక్షణ ఇస్తూ వచ్చాడు.

గారడీ డబ్బు, ఆట డబ్బు

మూడో ముడి, అంటే బొమ్మ సంగతికి వెళ్లేముందు డబ్బు గురించి చెప్పాలి. ఈ కథలో అన్నిటికంటే అన్యాయమైన భాగం ఇదేనని నేను అనుకుంటాను.

యేల్‌లో వైద్యం చదవడానికి ఖర్చు గిల్బర్ట్ గారడీతో సంపాదించాడు. యేల్ ఉన్న న్యూ హేవెన్ ఊరి చుట్టుపక్కల విందుల్లో, క్లబ్బుల్లో ప్రదర్శనలు ఇచ్చి డబ్బు తీసుకునేవాడు. ఆనాటి ఒలింపిక్స్ అమెచ్యూర్లకు మాత్రమే. ఆట ద్వారా ఒక్క రూకైనా తీసుకున్నవాడికి చోటు లేదు. గారడీ ఆట కాదు కాబట్టి గిల్బర్ట్‌కు ఏ అడ్డూ రాలేదు. తన చేతివేళ్ల నైపుణ్యాన్ని వేదిక మీద అమ్మవచ్చు, అదే వేళ్లతో కర్ర పట్టుకున్నందుకు మాత్రం డబ్బు తీసుకోకూడదు.

దీని పక్కన జిమ్ థార్ప్‌ను పెట్టి చూడండి. అమెరికా ఆదివాసీ కుటుంబంలో పుట్టిన థార్ప్ 1912 స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్ (ఐదు అంశాల పోటీ), డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) రెండూ గెలిచాడు. అంతకుముందు 1909, 1910 వేసవుల్లో చిన్న స్థాయి బేస్‌బాల్ జట్లలో కొద్దిపాటి జీతానికి ఆడాడని బయటపడితే, 1913లో రెండు స్వర్ణాలూ లాక్కున్నారు. బేస్‌బాల్‌కూ డెకాథ్లాన్‌కూ ఏ సంబంధమూ లేదు. అతను చనిపోయిన దాదాపు ముప్పై ఏళ్లకు, 1982లో, సహవిజేతగా పేరు చేర్చారు. ఏకైక విజేతగా గుర్తించడానికి 2022 వరకు పట్టింది. గిల్బర్ట్ తప్పు చేశాడని నేననడం లేదు, అతను నియమం తప్పలేదు. నియమమే అలా ఉంది. అది డబ్బున్న ఇళ్ల పిల్లలకు చుట్టంలా, కూలికి ఆడక తప్పని వాళ్లకు ఉరితాడులా పనిచేసింది. మధ్యలో గారడీ తెలిసిన ఒక కుర్రాడు తన అదృష్టం కొద్దీ దాటిపోయాడు.

గిల్బర్ట్ 1909లో వైద్య పట్టా తీసుకున్నాడు. ఒక్కరోజు కూడా వైద్యం చేయలేదు. అప్పటికే స్నేహితుడు జాన్ పెట్రీతో కలిసి గారడీ సామాను తయారుచేసే మిస్టో కంపెనీ నడుపుతున్నాడు. న్యూ హేవెన్ నుంచి న్యూయార్క్‌కు రైల్లో వెళ్తూ ఉండగా, పట్టాల పక్కన కరెంటు లైన్ల కోసం ఉక్కు దూలాలతో స్తంభాలు లేపడం చూశాడు. ఇంటికి వచ్చి భార్య మేరీ సాయంతో అట్టముక్కలను దూలాల ఆకారంలో కత్తిరించాడు. 1913లో ఎరెక్టర్ సెట్ మార్కెట్‌కు వచ్చింది. ఇదే ఆ మూడో ముడి, విప్పడం తేలిక: రంధ్రాలున్న లోహపు పట్టీలను బోల్టులతో బిగించే బొమ్మ అప్పటికే ఉంది. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లోనే పేటెంట్ తీసుకున్న మెకానో. మన దగ్గర కూడా చాలా ఇళ్లలో పిల్లలు ఆ తరహా సెట్లతో ఆడుకున్నారు. గిల్బర్ట్ చేర్చింది వేరే. అతని పట్టీల అంచులు మడిచి ఉంటాయి. నాలుగు కలిపితే డొల్లగా, చదరంగా, గట్టిగా ఉండే దూలం తయారవుతుంది. దానికి ఎలక్ట్రిక్ మోటారు కూడా ఇచ్చాడు. పదార్థం తక్కువ, పటుత్వం ఎక్కువ. వెదురు బొంగును ఏళ్ల తరబడి చేత్తో పట్టుకున్నవాడికి డొల్ల దూలం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ సంబంధం అతను ఎక్కడా చెప్పుకున్నట్టు నేను చదవలేదు, ఇది నా ఊహే.

ఆ తర్వాతి జీవితం గురించి క్లుప్తంగా చెబుతాను. 1916లో కంపెనీకి తన పేరే పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1918లో అమెరికా ప్రభుత్వం బొమ్మల తయారీ ఆపించాలని ఆలోచిస్తే, వాషింగ్టన్ వెళ్లి మంత్రుల ముందు బొమ్మలు పరిచి మాట్లాడాడు. పెద్దవాళ్లు నేల మీద కూర్చుని వాటితో ఆడుకున్నారంటారు. నిషేధం రాలేదు. అప్పటి నుంచి పత్రికలు అతన్ని క్రిస్మస్‌ను కాపాడినవాడని పిలిచాయి. 1950లో అసలైన యురేనియం ఖనిజం ముక్కలున్న అణుశక్తి ప్రయోగశాల సెట్‌ను కూడా 49 డాలర్ల 50 సెంట్లకు పిల్లల కోసం అమ్మాడు. అది ఎక్కువ కాలం నడవలేదు, నడవకపోవడమే మంచిదైంది.

కర్రల కథ ఈలోపు సాగుతూనే ఉంది. వెదురుతోనే అమెరికన్ కార్నీలియస్ వార్మర్‌డామ్ 1940లో 15 అడుగులు, 1942లో 4.77 మీటర్లు దాటాడు. యుద్ధంతో జపాన్ వెదురు రాక ఆగింది, అల్యూమినియం, ఉక్కు కర్రలు వచ్చాయి. అవి కూడా వంగనివే. వార్మర్‌డామ్ అంకెను ఒక్క సెంటీమీటరు దాటడానికి 1957 దాకా, పదిహేనేళ్లు పట్టింది. పరుగు, పట్టు, భుజబలం, ఇవే ఇంకా ఆటను నడుపుతున్నాయి. గిల్బర్ట్ 1908లో పట్టుకున్నదీ ఇదే ఆట.

గిల్బర్ట్ 1961 జనవరి 24న చనిపోయాడు. నాలుగు నెలలు గడవకముందే, మే 20న, కొలరాడోలోని బౌల్డర్‌లో జార్జ్ డేవిస్ అనే వాల్టర్ చేతిలో కర్ర విల్లులా వంగింది. 4.83 మీటర్లు. ఫైబర్‌గ్లాస్ కర్రతో వచ్చిన మొదటి ప్రపంచ రికార్డు అది.